తరుగు పోగా మిగిలిన కాఫీ

మా వంటగట్టు మీద మిక్సీకి చోటు లేదు. ఫ్రిజ్ పక్కన స్టూలు మీద ఉంటుంది. పచ్చడి రుబ్బాల్సి వస్తే మా ఆవిడ దాన్ని ఎత్తుకొచ్చి, పని కాగానే మళ్లీ స్టూలెక్కిస్తుంది. గట్టు మీదున్న ఒకే ఒక్క మంచి ప్లగ్ పాయింటునీ, దాని చుట్టుపక్కల జాగానీ కాఫీ గింజలు వేయించే యంత్రం ఆక్రమించుకుంది. తెచ్చింది నేనే. దాని ధర ఇంట్లో చెప్పింది ఒకటి, బ్యాంకువాళ్లకి తెలిసింది ఇంకొకటి.

కారణం అడిగితే మాత్రం నా దగ్గర ఘనమైనదే ఉంది. ఉండేది విశాఖపట్నం. అరకు కాఫీ మన కొండల మీద పంటే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకిన మిరియాల తీగల నడుమ గిరిజన రైతులు పండిస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పచ్చి గింజ నెలల తరబడి నిలవుంటుంది, వేగిన గింజకి మాత్రం రోజురోజుకీ వాసన దిగిపోతుంది. అలాంటిది, అంత మంచి గింజ గుమ్మంలో ఉండగా ఎవరో ఎప్పుడో వేయించి పొడి కొట్టింది తాగడమేమిటి? ఈ ప్రసంగం నేను అద్దం ముందు కూడా ఇచ్చుకున్నాను.

యంత్రంలో పెద్ద మర్మమేమీ లేదు. కింద నుంచి వేడిగాలి కొడుతుంది, పైన గాజు గొట్టంలో గింజలు ఆ గాలికే దొర్లుతూ వేగుతాయి. వేడిగాలి మీద గింజల్ని తేలించి వేయించే యంత్రానికి అమెరికాలో మైకేల్ సివెట్జ్ అనే కెమికల్ ఇంజనీరు 1976లో పేటెంటు తీసుకున్నాడు. అదంతా వివరించాక మా ఆవిడ, ‘‘అంటే పెద్ద హెయిర్ డ్రయ్యరన్నమాట’’ అంది. సివెట్జ్ గారి తరఫున కాసేపు నొచ్చుకున్నాను.

ఇందులో అసలు కిటుకంతా చెవిలో ఉంది. పచ్చి గింజలో పది పన్నెండు శాతం తేమ ఉంటుంది. వేడెక్కేకొద్దీ ఆకుపచ్చ పోయి పసుపు, ఆ తర్వాత గోధుమరంగు. 196 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి లోపలి ఆవిరి ఆగలేక గింజను పగలదీసుకుని బయటికొస్తుంది. టప్ టప్‌మని వినిపిస్తుంది. అది మొదటి క్రాక్. ఇంకో పాతిక ముప్పై డిగ్రీలు పోనిస్తే రెండోది. అది సన్నగా, చిటపటమంటూ వస్తుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆపామన్నదాన్ని బట్టే కప్పులో పులుపో, తీపో, చేదో. మధ్యలో ఉండేది కొద్ది నిమిషాలే.

గాజులోంచి రంగు కనపడుతుందిగా అని మీరనొచ్చు. రంగు చూసి ఆపేది చేతకానివాళ్లని, చప్పుడు విని ఆపేవాడే అసలైన రోస్టరని నాకు నేనే ఒక సిద్ధాంతం చేసుకున్నాను. కాబట్టి కళ్లు మూసుకుని, తల వంచి, ఫ్యాను హోరులో ఆ చప్పుడు కోసం చెవి నిగిడ్చి నిలబడేవాణ్ణి. ఓ ఆదివారం మొదటి క్రాకే లేకుండా నేరుగా చిటపటలు మొదలయ్యాయి. కంగారుపడి చల్లార్చే బటన్ నొక్కేశాను. కళ్లు తెరిస్తే గింజలు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. చిటపటలాడింది పక్క పొయ్యి మీద పప్పులోకి వేసిన పోపు.

సరిగా వేగని గింజ రాయి. చేతిమరలో పోసి తిప్పితే పిడి తిరగలేదు, నా భుజం తిరిగింది. ఎలాగో పొడి చేసి కాఫీ పెట్టుకున్నాను. పెసలు నానబెట్టిన నీళ్లలో పాలు పోసినట్టుంది. అయినా మొహం చిట్లించకుండా తాగి, ‘‘తేలికపాటి రోస్టు. విదేశాల్లో ఇలాగే ఇష్టపడతారు’’ అన్నాను. ఆ మర్నాటి నుంచి యంత్రం నడుస్తున్నంతసేపూ ఇంట్లో పోపు నిషిద్ధం. ఇప్పుడు మా చారుకి ముహూర్తం నేను పెడతాను.

పొట్టు సంగతి చెప్పలేదు కదూ. వేగేటప్పుడు గింజ మీది పల్చటి పొర ఊడి ఎగురుతుంది. దాన్ని పట్టడానికి యంత్రంలో జల్లెడ ఉంది. ఆ జల్లెడ దులపాల్సింది సింకులోనో, చెత్తబుట్టలోనో. నేను బాల్కనీలో దులిపాను. సముద్రపు గాలి మీకు తెలిసిందే, అవతలికి విసిరింది ఏదైనా మర్యాదగా వెనక్కి తెచ్చిస్తుంది. అక్కడ పాత పంచె మీద మా అమ్మ అప్పుడే పెట్టిన గుమ్మడి వడియాలు తడితడిగా ఉన్నాయి. ఒక్కొక్క వడియం మీదా పొట్టు బుద్ధిగా అతుక్కుని కూర్చుంది. ఆ ఏడాదంతా మా వడియాలు వేయించకముందే వేగినట్టు కనిపించాయి.

తర్వాత లెక్కలొచ్చాయి. మా ఆవిడకి వంటింటి తూకం మీద నమ్మకం ఎక్కువ. కిలో గింజ పోసి వేయించి మళ్లీ తూచింది. 850 గ్రాములు చూపించింది. తేమ పోతుంది, పొట్టు పోతుంది, ముదర వేయిస్తే ఇంకా తగ్గుతుందని శాస్త్రం చెప్పబోయాను. ‘‘తరుగు బంగారానికే అనుకున్నాను. మజూరీ ఎంత వేస్తారు?’’ అంది. మజూరీ కింద కరెంటు బిల్లు వస్తుందని నాకు తెలుసు, కానీ పైకి అనలేదు.

ఇంత చేసి ఆ రోజే తాగడానికి ఉండదు. అప్పుడే వేగిన గింజ నిండా కార్బన్ డయాక్సైడ్. అదే పూట పొడి చేసి ఫిల్టర్లో వేసి నీళ్లు పోస్తే, పొడి బుసబుసా పొంగి నురగ కక్కుతుంది, డికాక్షన్ మాత్రం సరిగా దిగదు. నాలుగు రోజులైనా ఆగాలి. ఓ పొద్దున మా అత్తగారు ఫోన్ చేసి, ‘‘అల్లుడుగారు కాఫీ తాగారా?’’ అనడిగారు. ‘‘లేదమ్మా, ఇంకా గ్యాస్ పోలేదట. ఎల్లుండి దాకా ఆగాలంటున్నారు’’ అంది మా ఆవిడ నిజాయితీగా. ఆ వారంలోనే ఊరి నుంచి వాము పొట్లం దిగింది. కాస్త ఉప్పు కలిపి నమలమని సూచన కూడా వచ్చింది.

సానుభూతి కోసం మా అమ్మ పక్కన చేరాను. పాతకాలంలో ఇళ్లలోనే వేయించుకునేవారు కదా, ఆవిడైనా నా పక్షం వస్తుందనుకున్నాను.

‘‘వేయించేవాళ్లం నాన్నా. మీ నాయనమ్మ మూకుడు పెట్టిందంటే ఇల్లంతా పొగే. మర తిప్పడం నా వంతు, బొబ్బలెక్కేవి. బజార్లో పొడి దొరుకుతుందని తెలిసిన రోజునే ఆ మరని అటకెక్కించి దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. నేనెక్కించిన దాన్ని నువ్వు డబ్బులిచ్చి మళ్లీ దింపావా?’’

ఇక చికోరీ. అది కాఫీయే కాదు, ఒక మొక్క వేరు, ఎండబెట్టి వేయించి పొడి చేసి కలుపుతారు అని చెప్పి మా ఇంట్లో దాన్ని బహిష్కరించాను. నా స్వచ్ఛమైన గింజలతో దిగే డికాక్షన్ పల్చగా ఉంటుంది, పాలు పోస్తే తెల్లబోతుంది. అందుకని మా ఆవిడ కొట్టు పొడి పొట్లం కందిపప్పు డబ్బా వెనక దాస్తోంది. ఆ సంగతి నాకెలా తెలుసంటే, తెల్లవారుజామున ఆవిడ లేవకముందు నేను తాగేదీ అదే. గ్యాస్ పోయేదాకా మనిషి బతకాలి కదా.

కిందటి నెల మా పెద్ద బావగారు, అంటే మా ఆవిడ అన్నయ్య, వచ్చారు. కాఫీ విషయంలో ఆయన మాటకి చుట్టాల్లో తిరుగులేదు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, కళ్లు మూసుకున్నారు.

‘‘బావగారూ, కాఫీ అంటే ఇదండీ! ఏం చిక్కదనం, ఏం రంగు! మీరే వేయించారటగా?’’

మొదటి గుక్కకే నాకు అర్థమైంది, ఆ చిక్కదనం కందిపప్పు డబ్బా వెనకదని. నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచాను. ‘‘అరకు గింజండి’’ అని వచ్చింది. వచ్చాక ఆగలేదు. మొదటి క్రాక్, ఆ తర్వాత నిమిషంన్నర, నాలుగు రోజుల విశ్రాంతి, చివర్లో నాలిక మీద మిగిలే బెల్లపు తీపి అన్నీ చెప్పాను. ఆయన గ్లాసు వంచి అడుగు చుక్క దాకా తాగి, ఆ బెల్లం తనకీ తగిలిందన్నారు. గుమ్మంలో మా ఆవిడ పళ్లెం పట్టుకుని అంతా వింటోంది.

‘‘రేపు వెళ్లేటప్పుడు ఈ పొడే ఓ అరకిలో కట్టివ్వమ్మా’’ అన్నారు బావగారు.

‘‘అలాగే అన్నయ్యా’’ అని మా ఆవిడ లోపలికెళ్లి, సంచీ తెచ్చి నా చేతికిచ్చింది. ‘‘ఏమండీ, పాలు కూడా అయిపోయాయి. ఎలాగూ వెళ్తున్నారుగా.’’