వజ్రపుకొత్తూరుకు తొమ్మిది మాత్రలు

నేను జముకును. ఉద్దానంలో, సముద్రపు హోరు రాత్రిపూట ఇంట్లోకి వినబడే ఒక పల్లెలో, దూలానికి కొట్టిన మేకుకు వేలాడుతుంటాను. గుల్లగా ఉండే ఒళ్లు, ఒక పక్క బిగించిన చర్మం, దాని నడుమ నుంచి బయల్దేరే నరం. ఇంతే నేను. చంకలో ఇరికించుకుని నరాన్ని మీటితే 'జుం' అంటాను. బిగించి లాగితే గొంతు పెరుగుతుంది, సడలిస్తే దిగుతుంది. జముకుల కథకు తాళమూ నేనే, శ్రుతీ నేనే.

మా తాత నన్ను పట్టుకుని ఊరూరా కథలు చెప్పాడు. ఈ నేల మీద నా జాతికి పెద్ద చరిత్రే ఉంది. పలాస పక్క బొడ్డపాడు కవి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి, దానితోనే రైతుకూలీల మధ్యకు వెళ్లాడు. 1969 డిసెంబరులో ఆయన్ను చంపేశారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఇక్కడే తీరం దాటినప్పుడు మా ఇంటి కప్పు లేచిపోయింది. కొబ్బరిచెట్లతో పాటు నేనూ బురదలో పడ్డాను. తాత కడిగి, ఆరబెట్టి, కొత్త చర్మం వేయించాడు.

ఇప్పుడు తాతకు కిడ్నీలు పోయాయి. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఇలాంటి ఇళ్లు ఎన్నో. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. తాత అక్కడికే డయాలసిస్‌కు వెళ్తాడు. మంచం మీద నాలుగు గంటలు.

మనవడు ఆ జబ్బు మీద, ఇక్కడి ఊళ్ల పేర్లతో ర్యాప్ రాశాడు. ఫోనులో 140 బీపీఎమ్ బీటు పెట్టాడు. అంటే నిమిషానికి 140 దెబ్బలు. దెబ్బకు నాలుగేసి అక్షరాలు కూరాడు. లెక్క వేయండి, సెకనుకు తొమ్మిదికి పైగా అక్షరాలు.

"ఒరే గుంటా, ఏటా పరుగు? ఎనకాల కుక్కలేటి తరుముతున్నాయా?" అన్నాడు తాత, మంచం మీంచి.

"ర్యాప్ అంటే ఇలాగే ఉండాల తాతా."

"ఏ ఊరి పేరు సెప్పినావో నాకే తెల్లేదు. ఊరోళ్లకేటి తెలస్తాది?"

140 తప్పని నేననను. ట్రాప్ అనే ర్యాప్ రకంలో బీటు 140 అని రాసి ఉన్నా నోరు సగానికి, 70కి, నడుస్తుంది. గుంటడు ఆ సగం సంగతి చూసుకోలేదు. ర్యాప్ మొదలైన చోటే చూడండి. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పాటలో డోళ్లు మాత్రమే మోగే ముక్కను రెండు రికార్డుల మీద మార్చి మార్చి తిప్పాడు. ఆడేవాళ్ల కాళ్లు ఆగకూడదని. అక్కడ నడకను కాళ్లు అడిగాయి. ఇక్కడ అడగవలసింది డయాలసిస్ మంచం మీద ఉన్న మనిషి ఊపిరి.

70 పెట్టి చూశాడు. శవం ముందు పాటలా ఉంది. మా తాత ఇంకా బతికే ఉన్నాడు, ఆ నడక ఆయనకు వద్దు. 96కు పెంచాడు. మాట బాగుంది కానీ ఊపిరి చాలలేదు.

"ఆ జముకు దించు" అన్నాడు తాత.

చాలా రోజులకు ఆ చంకలోకి వెళ్లాను. మునుపటి బలం లేదు, చేతికి సూదుల గుర్తులు. అయినా నరం మీద వేలు తడబడలేదు. నన్ను మీటుతూ ఊళ్ల పేర్లు పలికాడు. పలాస, టెక్కలి, మందస, కంచిలి. నాలుగూ నాలుగేసి మాత్రలు, ఒక్కొక్కటి ఒక్కో దెబ్బలో అచ్చంగా కూర్చుంది. కవిటికి మూడే మాత్రలు. తాత తొందరపడలేదు, నాలుగో మాత్రను ఖాళీగా వదిలాడు. వజ్రపుకొత్తూరుకు తొమ్మిది. రెండు దెబ్బలు నిండి ఒక మాత్ర మూడో దెబ్బలోకి పొర్లింది. అందులోని రెండు గట్టి ఒత్తులూ విడివిడిగా వినబడ్డాయి. 140లో ఆ పేరు సెకనుకు ముందే అయిపోయేది, 'వజ్రకొత్తూ' అని మింగేసేవాడు. ఇప్పుడు సెకనున్నర దాటి నిలిచింది.

గుంటడు నా దెబ్బతో పాటు ఫోను తెర మీద వేలితో కొట్టాడు. 83 చూపించింది, తర్వాత 85, చివరికి 84 దగ్గర నిలబడింది. రెండు బార్లకు, అంటే ఎనిమిది దెబ్బలకు, ఒక ఊపిరి చొప్పున సర్దుకున్నాడు, ఆరు సెకన్లకు కాస్త తక్కువ. ఆ కొలత తాత ఊపిరిదే. పట్టనిచోట మాటలు తీసేశాడు, నడక మార్చలేదు. బీటులో కిక్ డ్రమ్ము పక్కన నా 'జుం' చేర్చాడు. ఫోను దగ్గరగా పెట్టి రికార్డు చేసేటప్పుడు తాత ఆయాసం కూడా పడింది. దాన్ని చెరపొద్దని నేను కోరుకున్నాను. చెరపలేదు.

పాట 84 మీదే ఉంది. కవిటి తర్వాత ఆ ఒక్క మాత్ర ఖాళీ ఉంది. మీరు పాడితే దాన్ని నింపకండి.