వెనక హౌసింగులో ఏం పోస్తున్నారు?

గేరాయిలు మీద అభిప్రాయం లేని మగాడు మా ఊళ్ళో లేడు. సైకిలు తప్ప మరో బండెక్కని మా పోస్టుమాస్టరు గారికి కూడా ఉంది. నా మాసీ 1035 ట్రాక్టరుకి వెనక హౌసింగులో ఆయిలు మార్చాలని ఎవరి ముందు అన్నానో గాని, ఇక రోడ్డెక్కితే చాలు, "ఏం పోస్తున్నారండీ?" అనే పలకరింపే. ఒంట్లో ఎలా ఉందని అడగడం అందరూ మానేశారు.

మా బావది తొంభై నంబరు. మేస్త్రీది నూటనలభై. "గేర్లు అరుస్తున్నాయి కదండీ, చిక్కటిది పడితే నోరు మూస్తాయి" అంటాడాయన. మూస్తాయి, నిజమే. అరిగేవి అరుగుతూనే ఉంటాయి, మనకు వినపడదంతే. పైగా ఈ బండిలో గేర్లూ, డిఫరెన్షియలూ, హైడ్రాలిక్ పంపూ ఒకే ఆయిల్లో ఉమ్మడి కాపురం చేస్తాయి. గేర్ల సుఖం చూసి నూటనలభై పోశామా, చలికాలం పొద్దున్నే పంపు ఆ జిగురును పీల్చలేక అలుగుతుంది. లివరు పైకి లాగి, బీడీ వెలిగించి, అది ఆరిపోయాక చూస్తే నాగలి బెత్తెడు లేచి ఉంటుంది.

"ఇంజనుకు నలభై, గేరుకు తొంభై. అంటే రెట్టింపు పైన చిక్కన కదా?" అని బావ లెక్క. కాదు బావా, ఇంజనాయిలు కొలత వేరు, గేరాయిలు కొలత వేరు, గేరాయిల్లో తొంభై అంటే ఇంజనాయిల్లో యాభైకి దగ్గరగా ఉంటుంది అన్నాను. "రెండు కొలతలు పెట్టుకునేవాడు దొంగ షావుకారు" అని తేల్చేసి కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

షాపులో ఇంకో తంతు. నేను జీఎల్-4 తొంభై అడిగితే అతను జీఎల్-5 తెచ్చి పెడతాడు. "నాలుగు కన్నా అయిదు పెద్దది కదండీ!" ఆ అయిదులో గంధకం, భాస్వరం మందులు ఎక్కువ. విపరీతమైన ఒత్తిడి మీద నడిచే హైపాయిడ్ గేర్లకు అది కావాలి. నా బండిలో హైపాయిడ్ లేదు, ఇత్తడి, కంచు బుష్షులున్నాయి. వేడెక్కితే ఆ మందు వాటినే కొరుకుతుంది. ఇంత చెప్పాక అతను తల పంకించి, "అయితే వెట్ బ్రేకు ఆయిలు తీసుకోండి, కొత్త ట్రాక్టర్లన్నిటికీ ఇదే" అన్నాడు. నావి పొడి బ్రేకులయ్యా. నా బండిలో బ్రేకులు ఆయిల్లో మునిగాయంటే సీలు పోయిందని అర్థం.

అసలు ఈ ఉమ్మడి కాపురం పెట్టినవాడు హ్యారీ ఫెర్గూసన్. ఐర్లండువాడు. 1909 ఆఖరి రోజున, తన విమానం తనే తయారుచేసుకుని ఎగిరాడు. తర్వాత ట్రాక్టరుకీ నాగలికీ మూడు చోట్ల లంకె వేసి, హైడ్రాలిక్కుతో లేపే ఏర్పాటు కనిపెట్టాడు. 1938లో అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకు చూపించాడు. ఇద్దరూ చేతులు కలిపారు. అంతే ఒప్పందం, కాగితం ముక్క లేదు. పెద్దాయన మనవడు అధికారంలోకి వచ్చి, ఏ చెయ్యి, ఎవరి చెయ్యి అన్నాడు. ఫెర్గూసన్ పాతిక కోట్ల డాలర్లకు దావా వేశాడు. ఏళ్ళ తరబడి నడిచి 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ అయింది. ఆ మరుసటేడు తన కంపెనీని మాసీ-హ్యారిస్‌లో కలిపేటప్పుడు ధర దగ్గర పది లక్షల డాలర్ల తేడా వచ్చింది. బొమ్మా బొరుసూ వేద్దామన్నాడు. వేశారు. ఓడిపోయాడు. ఓడినందుకు గుండె పట్టుకోలేదు, ఒప్పుకున్నాడు. అలాంటి మహానుభావుడు గీసిన బండికి ఆయిలు కొనబోయి బకెట్టు మీద రెండు వందలు తగ్గించమని నేను గంటసేపు గీచి గీచి బేరమాడాను. షాపతను బొమ్మా బొరుసుకు ఒప్పుకునే రకం కాడు.

ఇంతకీ ఆయిలు మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ప్లగ్గు విప్పితే తెల్లగా దిగింది. నీళ్ళు కలిశాయి. దమ్ము చేసే రోజుల్లో కేజీ వీల్సు వేసుకుని మోకాటి బురదలో తిరిగితే సీళ్ళలోంచి నీళ్ళు దిగి తెల్లబడేది. ఇప్పుడు షెడ్డు రేకు కారి, గేరు రాడ్డు దగ్గర చిరిగిన రబ్బరులోంచి చుక్కా చుక్కా దిగి, నిలబడ్డచోటే తెల్లబడింది. పొలం కౌలుకిచ్చాను. కౌలు రైతు తన యాభై హెచ్‌పీ బండి తెచ్చుకుంటాడు. నాది వినాయక చవితికి విగ్రహాన్ని కాలవదాకా తీసుకెళ్తుంది, మొదటి గేరులో, డప్పుల వెనక. అంతే దాని వ్యవసాయం. ఇన్ని గంటలకొకసారి ఆయిలు మార్చాలని పుస్తకంలో ఉంది. ఆ గంటలు పూర్తయ్యేసరికి ఎన్ని చవితులు కావాలో లెక్క వేయబోయి మానేశాను. ముప్ఫై లీటర్ల పైచిలుకు కొత్త ఆయిలు దేనికని మా ఆవిడ అడిగితే, బుష్షులు పాడవుతాయన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఆ అడక్కపోవడం నాకు అంత బాగా అనిపించలేదు.

చివరికి జీఎల్-4 తొంభై, ఇరవై లీటర్ల బకెట్లు రెండు, విజయవాడ నుంచి తెప్పిస్తానన్నాడు షాపతను. సరేనని చెయ్యి చాపాను. ఆ చేతిలో అడ్వాన్సు రసీదు పెట్టాడు.