ఆకుల లెక్కన ఇంగ్లిష్ చదువు

బస్తర్‌లో పిల్లను ప్రైవేటు బడికి పంపే తండ్రికి ముందు లెక్కలు రావాలి. యాభై తునికాకులు పేర్చి కడితే ఒక కట్ట. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా. ఆ బస్తాకు 2024 నుంచి ఛత్తీస్‌గఢ్ సర్కారు ఇస్తున్నది 5,500 రూపాయలు. అంటే ఆకుకు 11 పైసలు. ఇప్పుడు ఫీజు కార్డు తీయండి. నెలకు వెయ్యి రూపాయలైతే తొమ్మిది వేల ఆకులు. టై 110 రూపాయలైతే వెయ్యి ఆకులు. మే నెల ఎండలో అన్ని ఆకులు తెంపి కొన్న టైని ఆదివారం నాడు కూడా విప్పనివ్వకండి. గిట్టుబాటు కావాలి.

తర్వాతి పని ఇంటి భాష మార్చడం. పేరెంట్స్ మీటింగులో మేడం చెప్పేది అదే: "ఇంట్లో ఇంగ్లిష్‌లో మాట్లాడండి." ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కోంటా వైపు మనిషి ఇంట్లో దోర్లీ మాట్లాడతాడు. చింతూరు సంతలో తెలుగు, జగదల్‌పూర్ బస్సులో హల్బీ, తునికాకు కల్లం దగ్గర హిందీ. మొత్తం నాలుగు భాషలు. మేడంకు వచ్చినవి ఒకటిన్నర. కానీ ఆ గదిలో భాష రానివాడు ఆయనే. చిన్న పిల్లలకు వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పమని విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. వీలైనంత వరకు అన్నారు కదా, వీలు కాలేదు.

ప్రాజెక్టు వర్కును కూడా వదలకండి. "మన అడవి" అని రాసుకొస్తుంది పిల్ల. పెరటి వెనకే ఇప్పచెట్టు, దాని వెనక అడవి. వాటితో పని జరగదు. బజారుకెళ్లి అచ్చు వేసిన అడవి చార్టు ఇరవై రూపాయలకు కొనుక్కురావాలి. అడవిలో నూట ఎనభై ఆకులు కోస్తే అడవి బొమ్మ ఒకటి వస్తుంది.

అసలు పండగ యాన్యువల్ డే. ముఖ్య అతిథి వస్తారు గనుక ఆదివాసీ నృత్యం తప్పనిసరి. గోండు పిల్ల గోండు పిల్లలా కనబడాలంటే డ్రెస్సు అద్దెకు తేవాలి. తలకు అట్టముక్క కొమ్ములు, మెడలో ప్లాస్టిక్ పూసలు, నడుముకు రంగు కాగితం ఆకులు. అద్దె మూడు వందల ముప్పై అనుకుందాం, అంటే మూడు వేల ఆకులు. అసలు ఆకులమ్మి కాగితం ఆకులు కట్టుకోవడమన్నమాట. పాట సినిమాది, అడుగులు డాన్స్ మాస్టారివి. ఆ పిల్ల అమ్మమ్మకు రేల పాటలు రాత్రంతా పాడగలిగినన్ని వచ్చు గానీ ఆమెకు బీఈడీ లేదు. తల్లిదండ్రులు చూసి మురిసిపోదామన్నా అది మిరప కోతల కాలం. వాళ్లు చర్ల వైపు చేలల్లో నడుం వంచి ఉంటారు. ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. దానికీ సిగ్నల్ ఉండాలి.

సర్కారు బడి ఉందిగా అనే పెద్దమనుషులు ఎప్పుడూ ఉంటారు. ఉంది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో కొన్ని బడుల్లో భద్రతా బలగాలు కాపురం పెట్టాయి. మళ్లీ కాపురం పెడతాయేమోనని మరికొన్నింటికి మావోయిస్టులు బాంబులు పెట్టారు. బడి ఇద్దరికీ పనికొచ్చింది. బళ్లు ఖాళీ చేయమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల్ని రోడ్డు పక్కకు తెచ్చి వెదురు తడికల పోర్టా క్యాబిన్లలో కూర్చోబెట్టారు. 2020లో సర్కారే స్వామి ఆత్మానంద్ పేరుతో ఇంగ్లిష్ మీడియం బళ్లు తెరిచి సీటుకు లాటరీ పెట్టింది. 2025లో హేతుబద్ధీకరణ అంటూ రాష్ట్రంలో పదివేలకు పైగా బళ్లను విలీనం చేసింది. ఎక్కువ భాగం ఒకే ఆవరణలోవేలెమ్మని సర్దిచెప్పింది. ప్రైవేటు బడిలో పేద పిల్లలకు చట్టం ఇచ్చిన నాలుగో వంతు సీట్లకూ లాటరీయే. చదువును హక్కు చేసి, హక్కుకు చీటీలు తీస్తున్నారు.

కాబట్టి ప్రైవేటు చదువు వాడుకోవడం ఒక్కటే దారి. 2020లోనే ఈ రాష్ట్రం ప్రైవేటు బడుల ఫీజు నియంత్రణకు ఒక చట్టం చేసింది. బడి ఫీజు కమిటీలో తల్లిదండ్రులు ఉండాలి. ఏడాదికి ఎనిమిది శాతం మించి పెంచాలంటే జిల్లా కమిటీ ఒప్పుకోవాలి. ఈసారి మీటింగులో మీ బడి కమిటీలో ఉన్న తల్లిదండ్రులెవరో, ఎప్పుడు కూర్చున్నారో, కాగితం ఏదో అడగండి. దోర్లీలోనే అడగండి. మేడంకు అర్థం కాకపోతే మీ పిల్ల పక్కనే ఉంటుంది, ఇంగ్లిష్‌లో చెబుతుంది. నెలకు తొమ్మిది వేల ఆకులు పోసింది ఊరికే కాదు.