చెల్లిన అయిదు పైసలు, చెల్లని కూపన్

2021 జూలైలో మదురై సెల్లూరులో ఒక బిర్యానీ అంగడి తెరుస్తూ, అయిదు పైసల నాణెం తెచ్చినవాళ్లకు బిర్యానీ అన్నారు. పావలా మొదలు కిందున్న చిల్లరకంతా సర్కారు 2011 జూన్ నెలాఖరుకే కర్మాంతరాలు చేసేసింది. అయినా ఎవరి దేవుడి గూట్లో దాక్కున్నాయో, నాణేలు లేచొచ్చాయి. వాటి వెనకే జనం విరగబడ్డారు. కరోనా రోజులు కావడంతో పోలీసులు వచ్చి అంగడి మూయించారు.

నన్నడిగితే ఆ అంగడాయన ధర్మాత్ముడు. సర్కారు చెల్లదన్న కాసును చెల్లుతుందన్నాడు. మిగతా వ్యాపారం తిరగేసి నడుస్తోంది. తాము అచ్చేయించిన కూపన్‌నే తాము చెల్లదంటారు.

మీకు ఆషాఢం సేలు, తమిళనాట ఉన్న మాకు ఆడి తళ్ళుబడి. ఆ నెలలో కోయంబత్తూరు క్రాస్‌కట్ రోడ్డు మీద నడిస్తే చేతికి గాలి తగలదు, నోటీసులే తగులుతాయి. ఇంత కొంటే దీపావళికి ఇంత కూపన్ అని ఆశ పెడతారు. పీళమేడు నాయుడమ్మ ఒకావిడ దాన్ని భద్రంగా దాచి, పండక్కి కౌంటరు మీద పెట్టింది.

"ఇది పట్టుకు లేదక్కా."

"కాటనుకు?"

"కొత్త సరుక్కు లేదక్కా."

"సరే తమ్ముడూ, పాత సరుకే తియ్యి."

"అది ఇప్పటికే తళ్ళుబడిలో ఉంది గదక్కా. తళ్ళుబడి మీద తళ్ళుబడి రాదు."

పెద్ద అంకె తమిళంలో, చుక్క పక్కన షరతు ఇంగ్లీషులో, తగాదా మాత్రం చక్కటి తెలుగులో. ఇంటిపేర్లు చెప్పుకునే సరికి దూరపు చుట్టరికం కూడా తేలింది. కూపన్ తేలలేదు.

మదురై ఏలిన నాయకరాజులూ నాణేలు కొట్టించారు. పన్ను కట్టబోయిన రైతుతో "పండగ రోజుల్లో మా కాసు మేం తీసుకోం" అన్న దొర ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు.

అంగడివాడి గోడూ వినాలి. పెద్ద బట్టల కొట్టు గోడు కాదు, సందులో బ్యూటీ పార్లర్ పెట్టుకున్నామెది. 2008లో చికాగోలో పుట్టిన కూపన్ల కంపెనీ గ్రూపాన్ నేర్పిన లెక్క ఇది: వెయ్యి రూపాయల పనిని అయిదొందలకు అమ్మిస్తారు, అందులోనూ సుమారు సగం కంపెనీ పట్టుకుంటుంది. మిగిలిన రెండొందల యాభైకి ఫేషియల్ చేయాలంటే, చేయించుకునే ముఖం మెరుస్తుంది, చేసే ముఖం మాడుతుంది. అందుకే "కూపన్ వాళ్లు నాలుగు దాటాక రాండి" అంటుంది. వచ్చినామె "నేనేం ఊరికే వచ్చానా, డబ్బు కట్టలేదా?" అంటుంది. ఇద్దరిదీ న్యాయమే. సగం మింగిన మూడోవాడు జుట్లు పట్టుకునే వేళకు ఫోన్‌లో "మీ అనుభవానికి ఎన్ని నక్షత్రాలు?" అని అడుగుతుంటాడు. 2019 ఆగస్టులో వందల హోటళ్లు డిస్కౌంట్ యాప్‌ల నుంచి లాగౌట్ అయింది ఈ మంటతోనే.

2022లో కేంద్రం ప్రకటనలకు నియమాలు పెట్టింది. గొప్ప ఏ భాషలో చెప్పుకుంటే షరతూ ఆ భాషలోనే ఉండాలి, అవే అక్షరాల్లో ఉండాలి. కాబట్టి అక్కలారా, అన్నలారా, నోటీసును పొట్లం కట్టడానికి వాడకండి, దాచండి. చెల్లదంటే ఆ ముక్క బిల్లు వెనకాల రాసిమ్మనండి. రాయనంటే 1915కు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కొనుగోలు మీద ఫిర్యాదుకు రుసుము లేదు, కూపన్ కూడా అక్కర్లేదు.