చిన్నబిళ్ల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఈ ఆటవెలది అమీర్‌పేటలో, ఫాస్ట్ ఫుడ్ అని బోర్డున్న ఒక సెల్ఫ్ సర్వీసు హోటల్లో, రాత్రి ఎనిమిదిన్నరకు, టోకెన్ చీటీ వెనక నేనే రాసుకున్నది. చీటీ ముందువైపు అచ్చు అప్పుడే వెలిసిపోతోంది. వెనకవైపు పద్యం కూడా చెరిగిపోకముందే వ్యాఖ్య రాసెయ్యాలని కూర్చున్నాను. మెతుకుసీమ పండితుడు కోలాచల మల్లినాథసూరి, మూలాధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మెతుకు దొరకని చోట మెతుకుసీమవాణ్ణి తలుచుకోవడం ఉచితమే. ఆయన మాటలో మొదటి సగమే నేను పాటించగలను.

టోకెనిచ్చినాడు డొక్క మండుచునుండ
రెండె నిమిషమనుచు రెప్ప వాల్చె
నాది యేడు, వాని నాలుకందెనిమిది
చిల్లరడుగ నిచ్చె చిన్న బిళ్ల

ప్రతిపదార్థం: డొక్క = కడుపు; మండుచునుండన్ = కాలిపోతూ ఉండగా; టోకెన్ = వరుస అంకె వేసిన చీటీని; ఇచ్చినాడు = చేతిలో పెట్టాడు; రెండె నిమిషము అనుచున్ = ఇదిగో వచ్చేస్తోందంటూ; రెప్ప వాల్చెన్ = చూపు దించేసుకున్నాడు; నాది = నా చీటీ అంకె; ఏడు = నలభై ఏడు (నలభై ఛందస్సులో ఇమడలేదు); వాని నాలుక అందు = అతడు పిలిచిన పిలుపులో; ఎనిమిది = నలభై ఎనిమిది; చిల్లర = రెండు రూపాయలు; అడుగన్ = అడగ్గా; చిన్న బిళ్లన్ = చాక్లెట్టును; ఇచ్చెన్ = ఇచ్చాడు.

వ్యాఖ్య: అన్నం పెట్టమంటే చీటీ ఇవ్వడమేమిటని పూర్వపక్షం. అది ఈ శాస్త్రంలో ఆచారం. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు 1948లో, కార్ల దగ్గరికి తినుబండారాలు మోసే పనివాళ్లను తీసేసి, కొన్నవాడే కిటికీ దగ్గరికొచ్చి తెచ్చుకునే పద్ధతి పెట్టారు. హాంబర్గర్ 15 సెంట్లు. మోత మనది, బదులుగా ధర తగ్గింది, చేతికి రావడమూ చిటికెలో పనే. ఆ శాస్త్రం అమీర్‌పేట చేరేసరికి మోత ఒక్కటే మిగిలింది. ట్రే నేనే తెచ్చుకున్నాను, నీళ్లు నేనే పట్టుకున్నాను, బల్ల కూడా నేనే తుడుచుకున్నాను.

‘రెండె నిమిషము’ అని ఏకవచనమేమిటి, ‘నిమిషములు’ అనవద్దా అని వైయాకరణులు లేస్తారు. కూర్చోండి. ‘టూ మినిట్ సార్’ అనే కౌంటరు పలుకుకు ఇది యథాతథ అనువాదం, ఆర్షప్రయోగం. నిమిషమంటే అసలర్థం రెప్పపాటు. అమరకోశం లెక్కలో 18 నిమేషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కల, 30 కలలు ఒక క్షణం, 12 క్షణాలు ఒక ముహూర్తం. ముహూర్తమంటే 48 నిమిషాలు. గుణించి చూస్తే అమరసింహుడి రెండు నిమేషాలు సెకనులో ముప్పయ్యో వంతు కూడా కావు. పంచాంగం లెక్కకు రెండు నిమిషాలంటే ఐదు విఘడియలు. నేను నిలబడింది ఘడియ దాటి. ఈ మూడు లెక్కల్లో ఏది సాధువో హోటలువాళ్లే తేల్చాలి.

‘రెప్ప వాల్చె’: సిగ్గుపడి అనుకునేరు. కౌంటరు మీద ఒక టాబ్లెట్ ఉంది. ఇళ్లకు పంపాల్సిన పార్సిళ్ల ఆర్డర్లు అందులో కుయ్ కుయ్‌మంటూ దిగుతున్నాయి. ఇంట్లో సోఫాలో కూర్చున్నవాడి ఆకలికి మోత ఉంది, ఎదురుగా నిలబడ్డవాడి ఆకలికి లేదు. ఇంట్లోవాడు అలిగితే చుక్కలు తగ్గిస్తాడు, నేను అలిగితే మహా అయితే పద్యం రాస్తాను. ఎవరికి భయపడాలో ఆ కౌంటరుకు బాగా తెలుసు.

మూడో పాదం సుగమం. నలభై ఎనిమిది పిలిచాక నలభై ఏడు పిలవలేదు. నా ఫ్రైడ్ రైస్ ఎవరు తిన్నారో వారికి జీర్ణమగుగాక.

‘చిల్లరడుగ నిచ్చె’: ఇది శ్లేష. అడుగన్ ఇచ్చె అంటే అడగ్గా ఇచ్చాడని ఒక అర్థం, అడగనిచ్చాడు అంతే అని రెండోది. రెండూ నిజమే. ఆ రాత్రి స్కానర్ పనిచెయ్యలేదు. 118 రూపాయల బిల్లుకు 120 ఇచ్చాను. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై నాణేలు వెయ్యి రూపాయల దాకా, అర్ధరూపాయి నాణేలు పది రూపాయల దాకా చెల్లుతాయి. చాక్లెట్ ఊసు అందులో లేదు. అయినా ‘బిళ్ల’ శబ్దం దగ్గర హోటలు పక్షం బలంగా ఉంది: రూపాయి బిళ్లా బిళ్లే, చాక్లెట్ బిళ్లా బిళ్లే. పద్యం మొత్తం వెతికినా తినే వస్తువు ఇదొక్కటే కావడం ధ్వని.

ఇక కర్త. ఇచ్చినాడు, వాల్చె, ఇచ్చె అని క్రియలు దండిగా ఉన్నాయి, కర్త లేడు. ‘వాని’ అన్న సర్వనామమే ఆధారం. ఎవడు వాడు? కౌంటరు కుర్రాడని నేనూ అనుకున్నాను. కాసేపు చూస్తే, క్యాషు అతడే, పిలుపు అతడే, పార్సిల్ కవర్లు ముడేసేదీ అతడే. యజమాని సీసీ కెమెరాలో నించి చూస్తుంటాడట. మనిషిని తగ్గించి అంకెలు పెంచిన ఆ కనిపించని మహానుభావుణ్ణే ఇక్కడ కర్తగా అధ్యాహారం చేసుకోవాలి.

అప్పుడు మొదటి పాదానికి తిరిగి రావాలి. ‘డొక్క మండుచునుండ’ అన్నానే గానీ, ఎవరి డొక్కో మూలంలో చెప్పలేదు. నాదేనని తొందరపడి అన్వయించుకున్నాను. కౌంటరు కింద అతడి టిఫిన్ బాక్సు మూత తియ్యకుండా ఉంది.

తాత్పర్యం: తొమ్మిది దాటాక ఎవరిదో నూడుల్స్ ప్లేటు నా ముందుకు తోశాడు. తీసుకుంటూ, “నువ్వు తిన్నావా తమ్ముడూ?” అన్నాను.

తలెత్తకుండానే అన్నాడు: “టూ మినిట్ సార్.”