పరలోకం నుంచి ఫార్వర్డ్

పరలోకానికి ఈమధ్య మాటలు ఎక్కువయ్యాయి. కానా పెళ్లిలో పనివాళ్లను కొడుకు మాట వినమని పురమాయించాక మరియమాత మళ్లీ నోరు తెరిచినట్టు సువార్తల్లో ఎక్కడా లేదు. బోస్నియాలోని మెజుగోరియేలో మాత్రం 1981 జూన్ నుంచీ మాట్లాడుతూనే ఉందట. తారీఖు కూడా ఖాయం: నెలనెలా 25. ఆ సందేశం తెలుగులోకి దిగి, గులాబీ బొమ్మ తగిలించుకుని, పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందన్న బెదిరింపుతో సహా మన ఫోన్లలో వాలుతుంది. సందేశం ఎవరిదో తరువాత తేల్చుకుందాం, ఆ బెదిరింపు మాత్రం అచ్చంగా మనదే.

ఇంతకీ శ్రీసభ ఏమంటుంది? దేవుడు చెప్పదలచుకున్నది క్రీస్తుతో చెప్పేశాడు. ఆ తరువాతి దర్శనాలు ఎంత గొప్పవైనా విశ్వాస నిధిలో భాగం కావు. సత్యోపదేశ గ్రంథం 67వ పేరాలో ఉన్న సంగతే ఇది. లూర్దు దర్శనాల మీద నాకు గురి కుదరలేదని ఒక కతోలికుడు అంటే, అది పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన పాపం కాదు. ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగ నాడు, గుణదల కొండ మీద ఆ మాట గట్టిగా అంటే ఏమవుతుందన్నది వేరే సంగతి.

2024 మే నెలలో వాటికన్ కొత్త నిబంధనలు తెచ్చింది. తీర్పులు ఆరు రకాలు. అన్నిటికన్నా పైమెట్టు ‘అభ్యంతరం లేదు’. ఇంటికి పంచాయతీ ఇచ్చే ఎన్‌ఓసీ లాంటిదన్నమాట. కట్టుకోమని దాని అర్థం, అంతేగానీ ఆ ఇంట్లో దేవుడు కాపురముంటున్నాడని సర్పంచి సంతకం పెట్టినట్టు కాదు. అదే ఏడు సెప్టెంబరులో మెజుగోరియేకి దక్కింది ఈ కాగితమే. వెళ్లి ప్రార్థించుకోండి, మంచి ఫలాలు కనిపిస్తున్నాయి. దర్శనాలు నిజమని మాత్రం మేం అనడం లేదు. చూశామంటున్న వాళ్లను కలవడానికి అసలే వెళ్లకండి. ఇంత చెబితే భక్తాగ్రేసరులు మొదటి మాట చదివి టికెట్లు బుక్ చేసేశారు.

రోమ్‌కు ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్డోబాలో మగ్దలేనా అనే మఠాధిపతి ఉండేది. ఒంటి మీద పంచగాయాలు, ఆహారం దివ్యసత్ప్రసాదం మాత్రమే! 1527లో మహారాణి తనకు పుట్టబోయే బిడ్డకు చుట్టడానికి ఈమె అంగీ తెప్పించుకుంది. ఆ బిడ్డే తరువాత స్పెయిన్ రాజైన రెండవ ఫిలిప్. 1543లో జబ్బుపడి, ఇదంతా మోసమని ఆవిడే ఒప్పుకునేదాకా ఆస్థానం కళ్లు మూసుకునే చేతులు జోడించింది.

కాలం మారింది, కళ్లు తెరుచుకున్నాయంటారా? ఇటలీలోని త్రెవిన్యానోలో ఒక మరియమాత విగ్రహం నెత్తుటి కన్నీరు కార్చిందన్నారు. దాని యజమానురాలి ఇంట్లో పిజ్జా కూడా అక్షయమైందట. గలిలయలో రొట్టెలు, చేపలు. ఇటలీ కదా, మెనూ మారింది. 2024 మార్చిలో అక్కడి బిషప్ ఇందులో దైవికం ఏమీ లేదని తేల్చేశారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2012లో ముంబయిలోని ఇర్లాలో సిలువ పాదాల నుంచి నీళ్లు కారాయి. జనం పట్టుకుని తీర్థంలా పుచ్చుకున్నారు. హేతువాది సనల్ ఎడమరుకు వెళ్లి చూసి, పూడుకుపోయిన డ్రైనేజీ నీరు గోడలోంచి ఎగబాకుతోందన్నాడు. మనోభావాలు దెబ్బతిన్నాయని ఆయన మీద కేసులు పడ్డాయి, ఆయన ఫిన్లాండ్ చేరాడు. కడుపు దెబ్బతింటుందన్న బెంగ ఎవరికీ పట్టలేదు.

నిజమైనదాని నడక వేరు. 1858లో లూర్దులో మరియమాతను చూశానన్న బెర్నదెత్తును విచారణ గురువు నమ్మలేదు, పోలీసులు గద్దించారు, బిషప్ తీర్పు 1862 దాకా రాలేదు. ఆ పిల్ల డబ్బు ముట్టలేదు, వాదనకు దిగలేదు, చివరికి నెవేర్ మఠంలో రోగుల సేవలో పడింది. 1858 వసంతంలోనే లూర్దులో దర్శనాలు చూశామంటూ ఇంకెందరో బయల్దేరారు. వాళ్ల పేర్లు ఇప్పుడెవరికి కావాలి? దివ్యకరుణ దర్శనాల పునీత ఫౌస్తీనా రాతల మీద రోమే 1959లో నిషేధం పెట్టి 1978లో ఎత్తేసింది. నిజం ఆగమంటే ఆగుతుంది. ఆగనంటూ బిషప్ మీదే శాపాలు కురిపించే సందేశాన్ని అక్కడే అనుమానించాలి.

మన భక్తికి ఆ ఓపిక ఏదీ? నమ్మినా నమ్మకపోయినా ఫర్వాలేదన్న వాటిని పట్టుకుని వేలాడతాం, చేసి తీరాలన్న వాటిని తీరికున్నప్పుడు చూద్దాం అంటాం. మూడు రోజుల చీకటి వస్తుందని, అప్పుడు ఆశీర్వదించిన తేనెమైనం కొవ్వొత్తులే వెలుగుతాయని కబురొస్తే డజన్లకొద్దీ కొని దాస్తాం. పారాఫిన్ ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో!

ఇన్ని సందేశాల్లో పనిమనిషికి జీతం సరిగ్గా ఇవ్వమన్నది ఒక్కటీ నా ఫోనుకు రాలేదు. కూలివాడి జీతం ఎగ్గొడితే ఆ కేక దేవుడి చెవిన పడుతుందన్న హెచ్చరిక యాకోబు లేఖ 5వ అధ్యాయంలో దాదాపు రెండు వేల ఏళ్లుగా రాతలోనే ఉంది. దానికి ఏ బిషప్ విచారణా అక్కర్లేదు, ఏ ఎన్‌ఓసీ అక్కర్లేదు. అందుకే కాబోలు, దాన్ని పదిమందికి పంపే పుణ్యాత్ముడు ఇంకా తగల్లేదు.