‘మీరు బాట్ కాదని’ సూత్రానికి సులభ వ్యాఖ్య

అవతారిక

ఆవకాయ జాడీలకి వాసెన కట్టిన మూడోనాడు, మధ్యాహ్నం ఒంటిగంట వేళ, కడియం అవతల కాలవగట్టు మీదున్న మా మేనత్తగారింట్లో ఈ సూత్రం వెలిసింది. అత్తకి ఎనభైకి రెండేళ్ళు తక్కువ. అన్నం తిని, ఫోనుని నీళ్ళచెంబుకి ఆనించి, రాయబారం పద్యాలు వింటూ కునుకు తీయడం ఆవిడ దినచర్య. రెండో పద్యానికే గురక మొదలవుతుంది. అలాగని వీడియో ఆపితే మాత్రం లేచి కూర్చుంటుంది. ఆ పూట పద్యం రాలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

“ఒరేయ్, ఇదేదో రాసింది. నా కళ్ళజోడు దేవుడి గదిలో ఉంది, నువ్వే చదువు.”

చదివాను.

“అంటే ఏంట్రా?”

ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు దొరకలేదు. అందుచేత ఈ వ్యాఖ్య. కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని మాటిచ్చి మరీ కలం పట్టాడు. ఆయన ముందున్నది కాళిదాసు. నా ముందున్నది ఇది. అంత నిష్ఠ నా వల్ల కాదు.

మూలము

మీరు బాట్ కాదని నిర్ధారించడానికి సైన్ ఇన్ చేయండి.

ఛందస్సు

లేదు. గణవిభజనకి కూర్చుని పావుగంట పోగొట్టుకున్నాను.

పాఠాంతరము

‘సైన్ ఇన్’కి ‘లాగిన్’ అని పాఠాంతరం ఉంది. కొన్ని ఫోన్లలో అదే కనబడుతుంది. ఓడ ఎంత వేగంగా పోతోందో తెలుసుకోడానికి తాడు కట్టి నీళ్ళలోకి వదిలే కొయ్యముక్కని ఇంగ్లీషువాడు లాగ్ అన్నాడు. ఆ లెక్కలు ఎక్కించే పుస్తకానికీ ఆ పేరే పెట్టాడు. కంప్యూటర్ల వాళ్ళు దాన్ని అక్కణ్ణుంచి ఎత్తుకొచ్చారు. లాగ్ అంటే అసలు అర్థం దుంగ. గోదావరికి వరదొచ్చినప్పుడు పైనుంచి కొట్టుకొచ్చే దుంగల్ని పడవలేసుకుని వెళ్ళి ఒడ్డుకి లాగేవాళ్ళని చూసినవాడికి ఈ పాఠమే నచ్చుతుంది. వరదలో పోతున్నది మనమూ, లాగుతున్నది వాళ్ళూ అయినప్పుడు ‘లాగిన్’ అచ్చ తెలుగు మాటే అనిపిస్తుంది.

ప్రతిపదార్థము

మీరు: గౌరవ బహువచనం. నీళ్ళచెంబు ముందు ఒంటరిగా కూర్చున్న మా అత్తని ఉద్దేశించినది. ఇంతవరకూ మర్యాదగానే ఉంది.

బాట్: రోబోట్‌కి తల తీసేస్తే మిగిలిన మొండెం. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920 నాటి తన నాటకంలో రోబోట్ అనే మాట వాడాడు. వాళ్ళ భాషలో ‘రోబోటా’ అంటే వెట్టిచాకిరీ. కాబట్టి బాట్ అనగా వెట్టివాడు. పాలేరుకైనా ఏడాదికిన్ని బస్తాలని ఉండేది, వీడికి అదీ లేదు. మా అత్తకి నేనీ వ్యుత్పత్తి చెబితే, “పెళ్ళయిన కాణ్ణించీ ఈ ఇంట్లో నేను చేసిందేంటి మరి?” అంది. ఆ లెక్కన సూత్రం అడిగినదానికి ఆవిడ నిజాయితీగా జవాబు చెప్పడం కష్టం.

కాదని: ఈ సూత్రానికి ఆయువుపట్టు ఇక్కడుంది. కాస్త ఆగాలి.

‘నేను కాను, నువ్వు కావు, మీరు కారు, వాడు కాడు, అది కాదు.’ చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరసే. ‘మీరు’కి ‘కారు’ రావాలి, ‘మీరు బాట్ కారని’ ఉండాలి. ‘కాదు’ అనేది ‘అది’కి చెందిన క్రియ. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. దాని ప్రకారం మగవాళ్ళని చెప్పే మాటలు మహత్తులు. పశువులు, పక్షులు, చెట్లు, రాళ్ళు, రోళ్ళు అమహత్తులు. ‘మీరు కాదు’ అనడంలో సర్వనామం గౌరవంగా కుర్చీ వేసింది, క్రియ వచ్చి ఆ కుర్చీ లాగేసింది. నువ్వు మనిషివో కావో తేల్చుకుంటాను, రుజువు చూపించు అంటూనే సూత్రకారుడు వాక్యం మధ్యలోనే తీర్పు రాసేశాడు. విచారణకి ముందే మనం అమహత్తులం.

ఇక్కడ శంక: మాట్లాడేటప్పుడు ‘మీరు డాక్టరు కాదు కదా’ అని మనమూ అంటాంగా? అంటాం. అన్నవాడూ విన్నవాడూ ఎదురెదురుగా మనుషులైనప్పుడు ఆ తప్పు ఎవరికీ తగలదు. అన్నది యంత్రమై, అడిగింది మనిషివా కాదా అన్నదైనప్పుడు మాత్రం అక్షరం అక్షరానికీ బరువుంటుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆడవాళ్ళని చెప్పే మాటలకి ఏకవచనంలో అమహత్తుల క్రియలే వస్తాయి. అత్త వచ్చింది, గేదె వచ్చింది. బహువచనంలోకి వెళ్తే గానీ దారులు విడిపోవు: అత్తలు వచ్చారు, గేదెలు వచ్చాయి. అంటే మా అత్త ఒక్కత్తీ ఉన్నంతసేపూ వ్యాకరణం ఆవిణ్ణి గేదెతోనే కట్టేస్తుంది, ఇంకో ఆడమనిషి తోడొస్తే వదులుతుంది. ఈ సంగతి చెప్పగానే అత్త, “సూరిగారింట్లో ఆడాళ్ళు ఊరుకున్నార్రా?” అంది.

నిర్ధారించడానికి: తేల్చుకోవడానికి అని సామాన్యార్థం. ఎవరైనా అలాగే చదివి దాటిపోతారు. వ్యాకరణంలో నిర్ధారణ షష్ఠి అని ఒకటుంది. ‘కవులలో నన్నయ’ అంటే కవుల గుంపులోంచి నన్నయని వేరు చేసి చూపించడం. గుంపులోంచి ఒకణ్ణి ఏరడాన్నే వ్యాకర్తలు నిర్ధారణ అన్నారు. రాజరాజనరేంద్రుడి ఊరివాణ్ణి గనక నన్నయ ఉదాహరణ నా నోటికొచ్చింది. మీ ఊరిని బట్టి మీరు మార్చుకోండి. ఇప్పుడు ఈ అర్థంతో సూత్రాన్ని మళ్ళీ చదవండి. బాట్‌ల సంగతి పక్కకి పోతుంది. కోట్లమంది చూస్తున్న గుంపులోంచి నిన్నొక్కణ్ణి ఏరి పక్కన నిలబెట్టడానికి సైన్ ఇన్ చెయ్యమంటున్నాడు. పేరు చెప్పకుండా చూసినా ఈ ఫోనేదో, ఈ నెట్టు ఎక్కడిదో వాడికి కొంత తెలుస్తూనే ఉంటుంది. పేరు చెప్పి చూస్తే ఇవాళ చూసింది, పోయిన దసరాకి చూసింది, రాత్రి రెండింటికి నిద్రపట్టక వెతికింది, అన్నీ ఒకే దండలో గుచ్చుకుంటాయి. సూత్రకారుడు తెలిసి రాశాడో, అనువాదం చేసిన యంత్రం పొరపాటున నిజం కక్కిందో గానీ, వాక్యం మొత్తంలో అబద్ధం లేని మాట ఇదొక్కటే.

సైన్ ఇన్: సంతకం పెట్టి లోపలికి రమ్మనడం. చదువురాని వాళ్ళకి దస్తావేజుల్లో నిశానీ ఉండేది, ఇక్కడ అదీ చెల్లదు. సంతకం పెట్టి లోపలికి వెళ్ళడం మనకేం కొత్త కాదు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది. గుమ్మంలో రిజిస్టరులో పేరు రాసి వెళ్ళి కూర్చుని చదువుకున్నవాణ్ణే నేనూ. ఆ రిజిస్టరు నా వెంట ఇంటికి రాలేదు. ఏ పేజీ దగ్గర ఆవలించానో రాసుకోలేదు. మర్నాడు నేను గుమ్మం ఎక్కగానే నిన్న చదివిన దానిలాంటివే పదిహేను పుస్తకాలు నా ఒళ్ళో పడెయ్యలేదు.

చేయండి: ‘అండి’ ఉంది కాబట్టి సూత్రకారుడు గోదావరి జిల్లాల వాడేనని మా వీధిలో ఒక వాదం. నేనొప్పుకోను. మనవాడైతే ‘కాస్త సైన్ ఇన్ చేద్దురూ’ అంటాడు. చెయ్యకపోయినా పద్యం పెడతాడు.

పూర్వపక్షము

అవతలివాడి మొర కూడా వినాలి. వీడియోల్ని గంపగుత్తగా తోడుకుపోయే మరబంట్లు నిజంగానే ఉన్నాయి. కృత్రిమ మేధకి మేత వెయ్యడానికి జనం మాట్లాడిందీ పాడిందీ పోగేసేవాళ్ళు ఎక్కువయ్యాక తలుపులు బిగిశాయి. పైగా మొబైల్ కంపెనీలు చాలాచోట్ల వందలమంది చందాదారుల్ని ఒకే బయటి చిరునామా వెనక కూర్చోబెడతాయి. ఇది డెల్టావాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. వెయ్యి ఎకరాల నీళ్ళు ఒకే మురుగుకాలవలో కలిశాక, మొగ దగ్గర నిలబడ్డవాడికి ఏ నీళ్ళు ఎవడి చేలోవో తెలీదు. ఎగువన ఎవడో మందు కలిపితే దిగువన అందర్నీ పట్టుకుంటాడు. మా అత్త పక్కన, ఆవిడకి తెలియకుండా, అదే చిరునామా వెనక ఏ దొంగ కూర్చున్నాడో.

ఊరికే చూపిస్తున్నాడు కదా, పేరు చెబితే పోయేదేముంది అనేవాళ్ళూ ఉన్నారు. ఊరికే ఏం కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాటన్ దొర కాలవలకి నీళ్ళిచ్చాడు, మనం నీటి శిస్తు కట్టాం. ప్రకటన చూడడం ఆ శిస్తు లాంటిదే. మా అత్త రోజూ కట్టేది, పళ్ళు లేకపోయినా టూత్‌పేస్టు ప్రకటన ఆసాంతం చూసేది. శిస్తు తీసుకున్న లస్కరు తూము ఎత్తాలి గానీ, గట్టు మీద నిలబెట్టి, నీ పుట్టిన తేదీ ఎంత, ఈ నీళ్ళతో ఏ కూర వండుతున్నావు అని అడగడు.

సిద్ధాంతము

పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది గనక పొగని చూసి నిప్పుని ఊహిస్తాం. ఖాతా ఉన్నచోటల్లా మనిషి ఉంటాడా? దొంగ ఖాతాలు బస్తాల లెక్కన అమ్ముతున్నారు. పోనీ మనిషి ఉన్నచోటల్లా ఖాతా ఉంటుందా? ఇదిగో మా అత్త. నిండా మనిషి, ఖాతా లేదు. దీన్ని తార్కికులు సవ్యభిచార హేతువంటారు. “ఇంట్లో ఆ మాటేంట్రా,” అని అత్త కసిరింది గనక తర్కం ఇంతటితో ఆపుతున్నాను.

ప్రయోగము

అత్త కొడుకు ఈ ఫోను కొనిచ్చినప్పుడు ఇందులో పెట్టింది తన కొడుకు ఖాతా. ఆ కుర్రాడు డల్లాస్‌లో ఉంటాడు. దాన్ని తెరవబోయాను. అప్పుడు జరిగిందాన్ని అష్టావధానం అనడమే న్యాయం. రాయబారం పద్యాలు రాసిన జంటలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో పుట్టింది ఈ కడియంలోనే. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది భీమవరం వైపు యండగండి. ఇద్దరూ ఉద్దండ అవధానులు. వాళ్ళ పద్యం వినాలంటే ఆ మాత్రం పరీక్ష ఉండాలి కాబోలు.

మొదట దత్తపది: పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక చుక్కో చక్రమో పడి తీరాలి. వెంటనే నిషిద్ధాక్షరి: పాతది పనికిరాదు. తర్వాత అప్రస్తుత ప్రసంగం. తెరని తొమ్మిది గళ్ళు చేసి, ఫైర్ హైడ్రెంట్లున్నవన్నీ నొక్కమన్నాడు. మన జిల్లాల్లో రోడ్డు పక్కన అది నిలబడి ఉండగా చూసినవాడెవడు? అత్త కళ్ళజోడు తెప్పించుకుని వంగి చూసింది. “ఎర్రగా పొట్టిగా, అదేంట్రా? హుండీయా?” ఆ మాట నమ్మి హుండీలన్నీ నొక్కాను. సరిపోయింది.

ఈ గళ్ళాటకి ఓ చరిత్ర ఉంది. యంత్రం మనిషిలా మాట్లాడగలదా అని మనిషి పరీక్షించే పద్ధతిని 1950లో అలన్ ట్యూరింగ్ ఆలోచించాడు. అది తిరగబడి, మనిషిని యంత్రం పరీక్షించేదాకా వచ్చింది. 2007లో రీక్యాప్చా అని ఒకటి మొదలుపెట్టి, స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో కంప్యూటరుకి అంతుపట్టని మాటల్ని జనం చేత చదివించారు. మనుషులమని నిరూపించుకోడానికి జనం కూలి లేకుండా యంత్రం పని చేసిపెట్టారన్నమాట. వెట్టి అని ఇందాక రాసిన అర్థం ఇక్కడికి కూడా తెచ్చుకోవాలి.

ఆఖర్న ఘంటాగణనం. ఖాతాదారు ఫోనుకి కొన్ని అంకెలు పంపాం, వాటిలో ఈ తెర మీద కనబడే అంకెని అరనిమిషంలో నొక్కించమన్నాడు. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట అంటే డల్లాస్‌లో రాత్రి రెండున్నర. ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

“మావయ్యా! ఎవరికేమైంది?”

“ఎవరికీ ఏం కాలేదురా, నలభై ఏడు నొక్కు.”

కాసేపు ఆ వైపు ఊపిరి మాత్రమే వినబడింది. తర్వాత నొక్కాడు. ‘అంగీకరిస్తున్నాను’ అని ఒక నీలం మీట వచ్చింది. 2023 ఆగస్టులో మన దేశంలో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం, ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి, షరతు లేకుండా ఇచ్చినదై ఉండాలంటుంది. “ఏం రాశాడ్రా?” అని అత్త అడిగింది. “నాకూ తెలీదత్తా,” అని నొక్కేశాను. రెండు ప్రకటనలయ్యాక కృష్ణుడు వచ్చాడు. అప్పటికి అత్త నిద్రపోయింది.

తాత్పర్యము

వారం తిరిగేసరికి అత్త ఫోన్ నిండా కండలు చూపించే కుర్రాళ్ళూ, పిండిలా కలుపుకు తాగే ప్రోటీన్ డబ్బాలూ, సెకండ్‌హ్యాండ్ కార్లూ మొదలయ్యాయి. “చొక్కా లేకుండా ఎవడ్రా వీడు, పొద్దున్నే?” అని నాకు ఫోను. ఆదివారం మనవడు చేశాడు.

“నానమ్మా, జిమ్ములో ఫోన్ తెరిస్తే చాలు, మోకాళ్ళ నొప్పుల తైలం చూపిస్తున్నాడు. లేదంటే ఎవరో కిరీటం పెట్టుకుని...”

“కృష్ణుడా, దుర్యోధనుడా?”

“ఏమో. ఆ... అని రాగం తీస్తూనే ఉన్నాడు. దాటేశాను.”

“రాగం దాటేస్తే ఇంకేం విన్నట్టురా? మళ్ళీ పెట్టు,” అంది అత్త. “నేనూ వింటాను, ఫోను అక్కడే ఉంచు.”